ఎనభైల పాటకి పాడె కట్టిందెవరు?

"పాట ఘంటసాలతోనే పోయిందిరా" అని మా మేనమామ అనేవాడు. ఆయన పోయి పదేళ్లయింది గానీ ఆ మాట పోలేదు. మొన్న ఒక ఊళ్లో పిల్లల పాటల పోటీకి వెళ్తే, న్యాయనిర్ణేతగా వచ్చిన పెద్దమనిషి మైకు పుచ్చుకుని అదే మాట ఇంకాస్త సాగదీసి చెప్పాడు. యాభైలూ అరవైలూ స్వర్ణయుగమట, డెబ్బైల్లో జబ్బు చేసిందట, ఎనభైల్లో పాడె కట్టేశారట. హాలంతా చప్పట్లు. అంతకు పది నిమిషాల ముందే అదే వేదిక మీద ఎనిమిదో తరగతి పిల్ల ఒకతి 'సితార'లో గోదావరి మీది పాట పాడింది. అది 1984 నాటి సినిమా. ఆ పాట సాగినంతసేపూ ఆయన కళ్లు మూసుకుని తొడ మీద తాళం వేస్తూనే ఉన్నాడు. ఆయన పక్క వరసలోనే కూర్చుని చూశాను.

ఆ చేతికీ ఆ నోటికీ ఎందుకు పొత్తు కుదరలేదన్నదే ఇక్కడ నాకు పని.

ముందు వాళ్ల వాదనని తగ్గించకుండా చెబుతాను. పాత రోజుల్లో పాటకి కవి ఉండేవాడు. మల్లాది, సముద్రాల, పింగళి, దేవులపల్లి రాసి ఇస్తే సాలూరి, పెండ్యాల స్వరం కట్టేవారు. ఎనభైలకొచ్చేసరికి బాణీ ముందు కట్టి అందులో మాటలు కుక్కడం మామూలైపోయింది. ఒక్కో సంగీత దర్శకుడి చేతిలో పదుల కొద్దీ సినిమాలు ఉండేవి, పాటలు గంపగుత్తగా తయారయ్యేవి. డ్రమ్ముల మోతలో గొంతు మునిగిపోయింది. బొంబాయి డిస్కోనీ అమెరికా మైకేల్ జాక్సన్‌నీ మొహమాటం లేకుండా ఎత్తుకొచ్చారు. 'దొంగ' (1985)లో చిరంజీవి సమాధుల మధ్య వేసిన స్టెప్పులే దానికి సాక్ష్యం. పాట వినడానికి కాకుండా హీరో చిందుకీ హీరోయిన్ తడిసిన చీరకీ సాకుగా మిగిలింది. 'శంకరాభరణం', 'మేఘసందేశం' లాంటివి ఎడారిలో చలివేంద్రాలు.

ఇందులో పచ్చి అబద్ధం ఒక్కటీ లేదు. తిరకాసంతా ఈ నిజాల్ని పేర్చిన తీరులో ఉంది.

1. జల్లించిన పిండి, జల్లించని పిండి

మా నాన్న తణుకులో బడిపంతులు. 1983లో మా ఇంట్లోకి ఒక టూ ఇన్ వన్ వచ్చింది. దుబాయ్ నుంచి వచ్చిన బంధువొకాయన తెచ్చిచ్చాడు. మర్నాడే నాన్న ఒక ఖాళీ అరవై నిమిషాల క్యాసెట్టూ, నోట్‌బుక్కులోంచి చింపిన కాగితమూ పట్టుకుని బస్టాండు దగ్గరి రికార్డింగ్ సెంటర్‌కి బయల్దేరాడు. కాగితం మీద వరస నంబర్లతో పద్నాలుగు పాటలు. మొదటిది 'మల్లీశ్వరి' (1951)లోది. 'దేవదాసు' (1953)వి రెండు, 'మిస్సమ్మ' (1955)వి రెండు, 'మాయాబజార్' (1957)వి రెండు. చివర్లో 'జగదేకవీరుని కథ' (1961), 'మంచి మనసులు' (1962). మిగతావి ఇక్కడ ఏకరువు పెట్టను. ప్రతి పాట పక్కనా పాడినవాళ్ల పేర్లు ఎర్ర సిరాతో రాశాడు, జవాబు పత్రం దిద్దినట్టు.

ఆ కాగితం మీదున్న పన్నెండేళ్లలో తెలుగులో వచ్చిన పాటలెన్ని? అప్పట్లో సినిమాకి ఎనిమిదీ పదీ పాటలు ఉండేవి. వేలల్లో ఉండి తీరతాయి. అందులోంచి ఒక మనిషి ఇరవై, ముప్పై ఏళ్లపాటు మనసులో మోసి, వడగట్టి, అరవై నిమిషాల్లో పట్టేలా ఏరుకున్నవి పద్నాలుగు. మిగతావన్నీ ఏమయ్యాయి? వాటిలో చప్పటివి, అరువు తెచ్చుకున్నవి, కథకి అడ్డంపడ్డవి, హాస్యగాళ్ల పేరుతో దూర్చిన వెకిలి పాటలు బోలెడు. వాటిని ఎవరూ రికార్డు చేయించుకోలేదు. అందుకే అవి లేనట్టే లెక్క.

ఎనభైల పాట సంగతి వేరు. దాన్ని వడగట్టే వ్యవధి ఎవరికీ చిక్కలేదు. వినాయకచవితి పందిట్లో తొమ్మిది రాత్రులు మైకుసెట్టు, పెళ్లింటి ముందు చెట్టుకి కట్టిన హారన్ స్పీకరు, టాకీసులో ఆట మొదలయ్యేముందు వేసే రికార్డు, టీ కొట్టులో టేప్ రికార్డరు. మంచీ చెడ్డా అన్నీ ఒకేసారి, వద్దన్నా చెవిలో పడ్డాయి. యాభైలని నాన్న కాగితంతో కొలిచి, ఎనభైలని మైకుసెట్టుతో కొలిచారు. జల్లించిన పిండినీ జల్లించని పిండినీ పక్కపక్కన పోసి, రెండోదాంట్లో నూక ఎక్కువుందని తీర్పు చెప్పడమంటే ఇదే.

"సరే, మేలైనవాటితో మేలైనవాటినే పోల్చుదాం" అంటారా, తప్పకుండా పోల్చుదాం. అయితే అప్పుడది 'దేవదాసు' గొప్పదా 'సాగర సంగమం' గొప్పదా అనే ముచ్చట అవుతుంది. దాని మీద రాత్రంతా వాదించుకోవచ్చు. పాడె ప్రసక్తి మాత్రం అందులోకి రాదు.

2. చలివేంద్రాల లెక్క

మినహాయింపు అనే మాటకి ఒక హద్దుంటుంది. ఏటేటా వచ్చేదాన్ని మినహాయింపు అనరు. 1980లో 'శంకరాభరణం' విడుదలైంది. 1981లో 'సప్తపది', 'సీతాకోకచిలుక', 'ప్రేమాభిషేకం'. 1982లో 'మేఘసందేశం'. 1983లో 'సాగర సంగమం', 'అభిలాష'. 1984లో 'సితార', 'శ్రీవారికి ప్రేమలేఖ'. 1985లో 'అన్వేషణ', 'ప్రేమించు పెళ్లాడు'. 1986లో 'సిరివెన్నెల', 'స్వాతిముత్యం', 'లేడీస్ టైలర్'. 1987లో 'శ్రుతిలయలు', 'స్వయంకృషి'. 1988లో 'రుద్రవీణ', 'స్వర్ణకమలం'. 1989లో 'గీతాంజలి'. ఏ ఒక్క ఏడాదీ ఖాళీ లేదు. ఇన్ని చలివేంద్రాలున్న ఎడారిని నేనెక్కడా చూడలేదు.

అవార్డుల మాట కూడా అనేసి పక్కన పెడతాను. ఉత్తమ సంగీత దర్శకుడి జాతీయ అవార్డు ఒక తెలుగు సినిమాకి తొలిసారి వచ్చింది 'శంకరాభరణం'తోనే, కె.వి. మహదేవన్‌కి. ఆ తర్వాత ఈ దశాబ్దంలోనే మరో మూడు: 'మేఘసందేశం'కి రమేశ్ నాయుడు, 'సాగర సంగమం'కీ 'రుద్రవీణ'కీ ఇళయరాజా. ఆ అవార్డు మొదలైందే 1967లో కాబట్టి 'మల్లీశ్వరి'కి రాలేదని అనడం అన్యాయం, నేననను. అసలు అవార్డులతో ఈ వాదన గెలవాలని కూడా నాకు లేదు. అవార్డులిచ్చేవాళ్లకీ శాస్త్రీయ వాసనంటేనే ముద్దు. ఆ సంగతికి తర్వాత వస్తాను.

అంతకన్నా ముఖ్యమైన చిక్కు ఇంకోటుంది. 'మంచి మనసులు'కి సంగీతం కట్టిన మహదేవనే 'శంకరాభరణం'కీ 'సిరివెన్నెల'కీ కట్టాడు. ఆయన ఏ యుగం మనిషి? 'మల్లీశ్వరి' చేసిన సాలూరి రాజేశ్వరరావు 1986లో 'తాండ్ర పాపారాయుడు' చేశాడు. సుశీల, జానకి, ఆత్రేయ పాతవాళ్లా, కొత్తవాళ్లా? ఎనభైల చివర తెలుగునాట హోరెత్తించిన రాజ్-కోటి ఎవరి పిల్లలు? రాజ్ తండ్రి టి.వి. రాజు, కోటి తండ్రి సాక్షాత్తూ సాలూరి రాజేశ్వరరావు. స్వర్ణయుగం చచ్చిపోలేదు మహాప్రభో! పిల్లల్ని కని పెంచి, పని నేర్చుకొమ్మని సంగీత దర్శకుడు చక్రవర్తి దగ్గరికి పంపింది.

3. ఒక్క వేటూరిలో ఇద్దరిని చూసినవాళ్లు

బాణీకి మాటలు కుక్కారన్నది రెండో నేరారోపణ. అచ్చంగా ఈ దశాబ్దంలోనే, రాసిన పాటకే బాణీ కడతానని పట్టుబట్టినట్టు పని చేసిన మహదేవన్ తన జీవితంలోకెల్లా గొప్ప సంగీతం ఇచ్చాడు. 1980లో కన్నుమూసిన దేవులపల్లి కృష్ణశాస్త్రి పాట 1982లో 'మేఘసందేశం'లో వినిపించింది. 1986లో 'సిరివెన్నెల'తో చేంబోలు సీతారామశాస్త్రి వెలుగులోకొచ్చి ఆ సినిమా పేరునే ఇంటిపేరు చేసుకున్నాడు. సినారె జ్ఞానపీఠం అందుకున్నది 1988లో. ఆత్రేయ 1989 దాకా రాస్తూనే ఉన్నాడు. కృష్ణశాస్త్రికీ సిరివెన్నెలకీ ఒకేసారి చోటిచ్చిన దశాబ్దానికి కవులు లేరంటే ఎలా?

అసలు కోపం వేటూరి మీదని నాకు తెలుసు. 'శంకరాభరణం' రాసిన చేత్తోనే, 'అడవి రాముడు' (1977)లో చీర ఆరేసే పాట రాశాడు. విమర్శకులు దీనికో సులువైన ఉపాయం కనిపెట్టారు. మంచివి రాసింది కవి వేటూరి, మిగతావి రాసింది డబ్బు కోసం తలొంచిన వేటూరి. ఇలా ఒక మనిషిని నిలువునా చీల్చి, ఒక ముక్కకి దండేసి, రెండో ముక్కని గోడకి నిలబెట్టారు. నిజానికి ఆ రెండు రకాల పాటల్లోనూ ఉన్నది ఒకే పనితనం. తాళం ఎక్కడ విరుగుతుందో అక్కడ అచ్చు పెట్టడం, నడక పరుగెత్తేచోట జంట అక్షరాలు గుప్పించడం, ఊరి మాటని ఎత్తుకొచ్చి సంస్కృత సమాసం పక్కన నిలబెట్టడం. బాణీ ముందొచ్చిందని ఈడ్చుకుంటూ రాసే కవికి ఇవేవీ చేతకావు.

బూతు మాటేమిటంటారా? ఉంది. ఆడదాన్ని వస్తువుని చేసి రాసిన పాటలు ఈ దశాబ్దంలో కుప్పలు. వాటిని నేను వెనకేసుకురాను. మా అక్కతో కలిసి కూర్చుని వినలేక రేడియో కట్టేసిన రోజులు నాకూ ఉన్నాయి. కానీ క్షేత్రయ్య పదాలకి తలూపి, జావళీలకి ఆహా అని, ఎల్.ఆర్. ఈశ్వరి క్లబ్బు పాటల్ని "అప్పటి సరదా" అని నవ్వేసి, శృంగారమంటే 1980లోనే పుట్టినట్టు ముక్కు మూసుకునేవాళ్లతో మాత్రం నాకు పొసగదు. పైగా ఆ పాటల్లో చాలావాటి మీద మన ఏవగింపు చెవిది కాదు, కంటిది. తెర మీద కెమెరా ఎక్కడెక్కడ తిరిగిందో చూసి, ఆ నేరాన్ని రికార్డింగ్ థియేటర్లో నిలబడి నిష్ఠగా పాడిన సుశీల ఖాతాలో రాశాం.

4. మోత

ఇక్కడ కొంచెం తీరిగ్గా మాట్లాడుకోవాలి, ఎక్కువమంది పడిపోయేది ఈ గోతిలోనే.

డ్రమ్ములు ఎందుకొచ్చాయి? పాతరోజుల్లో గొంతూ వాద్యాలూ అన్నీ కలిసి, కొద్ది మైకుల ముందు, ఒకే దెబ్బకి మోనోలో రికార్డయ్యేవి. ఎవరైనా కాస్త గట్టిగా కొడితే గొంతు మునిగిపోయేది. అందుకే మృదంగమైనా తబలా అయినా ఒదిగి ఉండేది. ఆ ఒదుగుని మనం సంస్కారం అనుకున్నాం. అందులో సగం సంస్కారం, సగం యంత్రం పెట్టిన కట్టుబాటు. మద్రాసు స్టూడియోల్లోకి ఎక్కువ ట్రాకుల యంత్రాలు, స్టీరియో వచ్చాక ఒక్కో వాద్యానికీ విడిగా చోటు దొరికింది. బేస్ గిటారు ఇంకో పాటలా పాట కిందినుంచి నడవడం మొదలెట్టింది. 1986లో 'సింహాసనం' తెలుగులో తొలి 70 ఎంఎం సినిమాగా వచ్చేనాటికి హాలు నలుమూలలా ధ్వని కావాలని జనమే అడుగుతున్నారు. పనిముట్లు మారినప్పుడు పని మారదా? వడ్రంగి చేతికి కొత్త రంపమిచ్చి, పాత గీతే గియ్యమంటే ఎట్లా?

సరే, మారింది. మరి ఆ మారినదాన్ని మనం విన్నదెలా? దీన్ని ఎవరూ లెక్కలోకి తీసుకోరు. ఎనభైల పాటని తెలుగువాళ్లలో ఎక్కువమంది విన్నది అసలు క్యాసెట్టు మీద కాదు. రికార్డింగ్ సెంటర్‌వాడు ఎక్కించిన కాపీ, దాన్నుంచి స్నేహితుడు ఎక్కించుకున్న కాపీ, దాన్నుంచి మనం. మూడో చేతికొచ్చేసరికి వయొలిన్లు పోయేవి, వేణువు దగ్గేది. మిగిలేది రెండే, పైన గొంతు, కింద డబడబ. ఆ మిగిలిన డబడబని వినాయకచవితి హారన్ స్పీకర్లోంచి వదిలితే ఏమవుతుంది? మోత అవుతుంది. అదే సమయంలో ఘంటసాల పాటల్ని మనం అచ్చు రికార్డు మీదో, ఆకాశవాణిలోనో, ఆ తర్వాత శుభ్రం చేసి అమ్మిన సీడీల మీదో విన్నాం. అద్దం మీద మరకని మొహం మీద మచ్చ అనుకున్నాం.

నాకిది ఆలస్యంగా తెలిసొచ్చింది. 'అన్వేషణ' పాటలు నేను మొదట విన్నది అలాంటి మూడో చేతి కాపీలోనే. వంశీ తీసిన ఆ సినిమాలో కథానాయిక పక్షుల కూతల్లో స్వరాల మూలం వెతుక్కుంటూ అడవికొస్తుంది. నా క్యాసెట్లో పక్షులు లేవు, అడవీ లేదు. జానకి గొంతూ ఒక కొట్టుడూ ఉండేవి. ఇరవై ఏళ్ల తర్వాత ఒక రాత్రి మంచి హెడ్‌ఫోన్స్ పెట్టుకుని అదే పాట విన్నాను. కుడిచెవిలో వయొలిన్లు ఒక మాట అంటే, ఎడమచెవిలో ఇంకో గుంపు దానికి బదులు చెబుతోంది. వాటి కింద బేస్ గిటారు, తబలాతో పేచీ పడకుండా తన దారిన తను నడుస్తోంది. ఇన్నేళ్లూ నేను డబడబ అనుకున్నదాంట్లో నాలుగు వాద్యాలు వంతులేసుకుని పలుకుతున్నాయి. రెండోసారి విన్నాను, మూడోసారి విన్నాను. ఆ తర్వాత సిగ్గేసింది.

"అది ఇళయరాజా కదా, ఆయన్ని మేమూ ఒప్పుకుంటాం" అంటారు. సరిగ్గా ఈ ఒప్పుకోలుతోనే నాకు పేచీ. విశ్వనాథ్ సినిమాలూ ఇళయరాజా పాటలూ పక్కన పెట్టేసి మిగతాదంతా చెత్త కిందకి తోసే ఈ పెద్దమనిషి ఒప్పందం, చక్రవర్తిని ఉరితీసే తీర్పే. అందుకే ఆ చక్రవర్తి సంగీతమిచ్చిన 'దేవత' (1982) తీసుకుంటాను. రాఘవేంద్రరావు సినిమా, శోభన్‌బాబు, శ్రీదేవి, వరసలు వరసలుగా బిందెలు. ఎనభైలని వెక్కిరించాలనుకున్న ప్రతివాడూ ముందు చూపించేది ఆ బిందెల్నే. ఒక్కసారి తెర ఆపేసి వినండి. వలపుని గోదావరి వరదతో పోల్చిన పాట. నడక పడవవాళ్లదీ నాట్లు వేసే ఆడవాళ్లదీ. బాలు కవ్విస్తే సుశీల బెట్టు చేయదు, ఆ కవ్వింపునే తిరిగి విసురుతుంది. దరువు బిగువుగా ఉంటుంది కానీ మాటని ఎక్కడా మింగదు. ఒక్క అక్షరం కూడా నమలకుండా వినిపిస్తుంది. దీన్ని కట్టడానికి పాండిత్యం అక్కర్లేదనుకునేవాళ్లు, ఊరంతా మర్నాటి పొద్దుటికల్లా పాడుకునే ఒక్క బాణీ కట్టి చూపిస్తే నేను ఈ వ్యాసం వెనక్కి తీసుకుంటాను.

5. అరువు

దీని మీద ఎక్కువ సేపు అక్కర్లేదు. 'దొంగ'లో ఆ పాట ఎక్కడిదో అందరికీ తెలుసు, దాచాలని తీసినవాళ్లూ అనుకోలేదు. కానీ హిందీ బాణీలు తెలుగులోకి రావడం ఎనభైల్లో మొదలవలేదు. 1975లో 'అన్నదమ్ముల అనుబంధం' హిందీ కథతో పాటు అందులోని బాణీనీ తెచ్చుకుంది. అంతకు ముందు నుంచీ నిర్మాతలు బొంబాయి రికార్డులు తెచ్చి ఇలాంటిదే కావాలనడం మద్రాసులో మామూలే. ఇళయరాజా తమిళ బాణీలే తెలుగులో వాడాడని ఇంకో ఫిర్యాదు. 'దేవదాసు', 'మిస్సమ్మ', 'మాయాబజార్' తమిళంలోనూ తీసినవే. అప్పుడు దాన్ని ద్విభాషా చిత్రం అని గొప్పగా చెప్పుకున్నాం. ఇప్పుడు అదే పనికి అరువు అని పేరు పెట్టాం.

పైగా ఎగుమతి లెక్క ఎవరూ చూడరు. 'ఊరుకి మొనగాడు' (1981) బొంబాయి వెళ్లి 'హిమ్మత్‌వాలా' అయింది. 'దేవత' వెళ్లి 'తోఫా' అయింది. అక్కడ ఆ సినిమాలకి సంగీతమిచ్చిన బప్పీ లహరినే తర్వాత 'సింహాసనం'కి ఇక్కడికి పిలిచారు. బిందెలు ముందు మనం పంపాం, డిస్కో తర్వాత వాళ్లు పంపారు. బాకీ సరిపోయింది.

6. ఎవరి స్వర్ణయుగం?

నాన్న కాగితం మీద పద్నాలుగు పాటలున్నాయన్నాను కదా. వాటిలో తెలంగాణ పలుకుబడిలో ఉన్నది ఒక్కటి లేదు. నాన్నని తప్పుపట్టలేను, ఏరుకుందామన్నా అప్పటి సినిమాలో అది దొరకడమే అరుదు. దాశరథి, సినారె అరవైల నుంచే రాస్తున్నారు, నిజమే. కానీ సినిమాకి వాళ్లు రాసింది అందరికీ పనికొచ్చే పుస్తక భాషలో. 1980లో జనం ముందుకొచ్చిన 'మా భూమి'లో గొంగడి కప్పుకున్న గద్దర్, బండి యాదగిరి కట్టిన పాటని తెర మీద నిలబడి పాడాడు. దొర గడీ మీదికి, నైజాం సర్కారు మీదికి ఎక్కుపెట్టిన పాట అది. పల్లె గొంతు పల్లె గొంతుగానే, నాజూకు పట్టించకుండా వినిపించింది. మూడేళ్లకి బి. నర్సింగరావు 'రంగుల కల'లో గద్దర్ మళ్లీ వినిపించాడు.

ఎర్ర సినిమాలూ ఈ పదేళ్లలోనే ఊళ్లమీద పడ్డాయి. టి. కృష్ణ 'వందేమాతరం' (1985)లో పాడిన కుర్రాడికి ఆ సినిమా పేరే ఇంటిపేరై, వందేమాతరం శ్రీనివాస్ అయ్యాడు. ఆ సినిమాకి సంగీతం ఎవరో తెలుసా? మోత చక్రవర్తి.

స్వర్ణయుగం అన్న మాట ఎవరి డాబా మీద కూర్చుని అన్నారో ఇక్కడ బయటపడుతుంది. కృష్ణా గోదావరి జిల్లాల చదువుకున్న ఇంటి వరండాలో వినబడ్డ పాటే పాటయితే, ఎనభైల్లో పాట పాడైపోయిన మాట నిజం. ఎందుకంటే వరండా దిగి వెళ్లిపోయింది.

విచిత్రమేమిటంటే ఈ పేచీని ఎనభైలు మనకన్నా ముందే, మనకన్నా బాగా తెర మీద పెట్టుకున్నాయి. 'రుద్రవీణ'లో బిలహరి గణపతిశాస్త్రి పాటని పూజగదిలో దాచుకుంటాడు, కొడుకు దాన్ని కల్లు పాకల ముందుకి, పొలం గట్ల మీదికి తీసుకుపోతాడు. ఆ కొడుకు వేషం వేసింది మూడేళ్ల కింద 'దొంగ'లో సమాధుల మధ్య చిందేసిన చిరంజీవే. ఒకే నటుడిలో, ఒకే కవిలో, ఒకే గొంతులో ఇంత దూరం సాగిన దశాబ్దం ముందు లేదు, తర్వాతా నాకు కనపడదు.

7. చక్రవర్తి కొట్టం

ఈ దురభిప్రాయం వల్ల ఎవరికేం నష్టం, పాటలు ఎలాగూ వింటున్నాం కదా అనొచ్చు. నష్టం ఉంది. మా ఇంట్లో ఘంటసాల మీద పుస్తకాలు ఒక అర నిండా ఉన్నాయి. చక్రవర్తి మీద ఒక్కటి లేదు, కొందామని తిరిగిన షాపుల్లోనూ నాకు దొరకలేదు. కొమ్మినేని అప్పారావు అనే ఆ మనిషి వందల సినిమాలకి సంగీతమిచ్చి 2002లో వెళ్లిపోయాడు. ఆయన పాటల్లో కొట్టినవాళ్లు, ఊదినవాళ్లు, మీటినవాళ్లు కాల్‌షీటుకింత అని తీసుకుని, పేరు అట్ట మీద పడకుండానే ముసలివాళ్లయిపోయారు. ఎవరూ వెళ్లి అడగలేదు. చెత్త దశాబ్దం కదా, అడిగి ఏం లాభం? రమేశ్ నాయుడు 1987లో పోయాడు. 'మేఘసందేశం' ఒక్కటి తప్ప ఆయన పేరు పక్కన ఇంకో సినిమా చెప్పమంటే మా ఇంటి పిల్లలు బిక్కమొహం వేస్తారు. ఆయనే కట్టిన 'శ్రీవారికి ప్రేమలేఖ' పాట మాత్రం వాళ్లకి నోటికొచ్చు.

చెత్త అని తోసేసిన ఆ కొట్టంలో ఏం పండిందో చూడండి. రాజ్, కోటి ఇద్దరూ చక్రవర్తి దగ్గర పనిచేసి బయటికొచ్చారు. కీరవాణి ఆయన దగ్గర సహాయకుడిగా చేసి, 1990లో సొంతంగా మొదలెట్టి, 2023లో ఆస్కార్ వేదికెక్కాడు. దిలీప్ అనే మద్రాసు కుర్రాడు రమేశ్ నాయుడు, ఇళయరాజా, రాజ్-కోటి దగ్గర కీబోర్డు వాయించి, ఏ.ఆర్. రహమాన్ అయి 2009లో రెండు ఆస్కార్లు తెచ్చుకున్నాడు. పాడె కట్టిన చోట ఇలాంటి పంట పండుతుందా? ఆ ఇద్దరి గురించి గర్వంగా మాట్లాడుతూ, వాళ్లు పని నేర్చిన గదులని మోత అని ఈసడించుకోవడం ఒకే నోటికి ఎలా సాధ్యమో ఆ న్యాయనిర్ణేత పెద్దాయనే చెప్పాలి.

నన్నడిగితే తెలుగు సినిమా పాటకి ఇంత విశాలమైన పదేళ్లు ఇంకెప్పుడూ లేవు. యాభైలు లోతైనవి, ఒప్పుకుంటాను. ఎనభైలకి లోతూ ఉంది, వెడల్పూ ఉంది, బురదా ఉంది. గోదావరికి ఉన్నట్టే.

నాన్న క్యాసెట్టు సంగతి ఒకటి మిగిలింది. పద్నాలుగు పాటలూ ఎక్కించాక రెండోవైపు చివర నాలుగు నిమిషాల టేపు మిగిలిపోయింది. ఖాళీగా వదలడం ఇష్టంలేక ఆ సెంటర్ కుర్రాడు అడక్కుండానే అప్పటికీ బాగా మోగుతున్న 'దేవత' పాట ఎక్కించి ఇచ్చాడు. నాన్న ఇంటికొచ్చి విని, వాణ్ని బాగానే తిట్టాడు. మళ్లీ వెళ్లి చెరిపించుకొస్తానన్నాడు. వెళ్లలేదు. నెలకో రెణ్ణెల్లకో, పిల్లలం పొరపాటున దాని మీద ఏదైనా రికార్డు చేసేస్తామని, క్యాసెట్టు వెనక అంచున ఉండే రెండు చిన్న ప్లాస్టిక్ ముక్కలూ పేనా కత్తితో విరిచేశాడు. ఆ క్యాసెట్టు ఇప్పుడు నా దగ్గరుంది. మొన్న తీసి చూశాను. నాన్న కాగితాన్ని మడిచి డబ్బాలో పెట్టాడు. పద్నాలుగో నంబరు కింద, అదే ఎర్ర సిరాతో, పదిహేను అని వేసి 'సుశీల, బాలు' అని రాసి ఉంది.